స్కానులో ‘కొంచెం రక్తం’ కనబడితే

తలకు దెబ్బ తగిలిన మనిషికి సీటీ స్కాను తీసిన తర్వాత డాక్టరు గారు కొన్నిసార్లు ఇలా చెబుతారు: “లోపల కొంచెం రక్తం చేరింది. ఆపరేషను అవసరం లేదు. వార్డులో ఉంచి చూద్దాం.” ఈ మాట విన్న బంధువులు రెండు రకాలుగా ఉంటారు. కొందరు మెదడులో రక్తం అనగానే ఇక మనిషి దక్కడని ఏడుపు మొదలుపెడతారు. మరికొందరు “కొంచెమే అన్నారు కదా, ఆపరేషను కూడా లేదు కదా, మరి ఇక్కడెందుకు? ఇంటికి తీసుకుపోతాం” అంటారు. మొదటివారికి ధైర్యం చెప్పగలం. రెండోవారిని ఆపడమే మాకు కష్టం.

చిన్న రక్తస్రావంతో వచ్చినవారిలో ఎక్కువమంది ఆపరేషను లేకుండానే కోలుకుంటారు. కాని ఆ రక్తం చిన్నదిగానే ఉండిపోతుందా, పెరుగుతుందా అన్నది మొదటి గంటల్లో ఎవరూ ముందుగా చెప్పలేరు. అందుకే దీనికి ముఖ్యమైన చికిత్స కనిపెట్టి ఉండటం. మొదటి ఒకటి రెండు రోజులు ఆ పని మా సిస్టర్లు చేస్తారు. ఆ తర్వాత కొన్ని వారాలు ఇంట్లో మీరు చేయాలి. ఎందుకు చేయాలో, ఏమి చూడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

పుర్రె లోపల ఏమి జరుగుతుంది?

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు ఉంటుంది. దాని చుట్టూ, మధ్యగదుల్లో సుమారు 150 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది. ఇది కాక రక్తనాళాల్లో పారే రక్తం ఉంటుంది. ఈ మూడూ గట్టి ఎముక పెట్టెలో ఇరుకుగా అమరి ఉన్నాయి. కాలికి దెబ్బ తగిలితే చర్మం సాగి వాపు బయటకు వస్తుంది. పుర్రె మాత్రం సాగదు.

లోపల రక్తం కారితే దానికి చోటు కావాలి. మొదట మెదడు చుట్టూ ఉన్న నీరు వెన్ను వైపు జరిగి కొంత చోటు ఇస్తుంది. ఆ సమయంలో మనిషి బాగానే కనిపిస్తాడు, మాట్లాడతాడు, కాఫీ అడుగుతాడు. నీరు ఇవ్వగలిగిన చోటు అయిపోయిన తర్వాత మాత్రం ఇంకొంచెం రక్తం చేరినా ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే తల గాయం రోగి మెల్లమెల్లగా కాకుండా ఉన్నట్టుండి క్షీణిస్తాడు. “ఇప్పుడే నాతో మాట్లాడాడమ్మా” అని బంధువులు చెప్పే మాట నిజమే.

రక్తం ఎక్కడ చేరుతుంది?

రిపోర్టులో రాసే పేర్లు వేరైనా, చోట్లు ముఖ్యంగా నాలుగు.

1. పుర్రె ఎముకకూ మెదడు పై పొరకూ మధ్య. కణత దగ్గర ఎముక చిట్లి, దాని లోపలి వైపున ఉన్న ధమని తెగినప్పుడు ఎక్కువగా ఇలా జరుగుతుంది. ధమని కనుక రక్తం వేగంగా చేరవచ్చు.

2. పై పొర కింద, మెదడు మీద. ఇక్కడ ఎక్కువగా సన్నని సిరలు తెగుతాయి. దెబ్బ గట్టిదైతే వెంటనే, పెద్ద వయసువారిలో కొన్నిసార్లు వారాల మీద మెల్లగా చేరుతుంది.

3. మెదడును అంటిపెట్టుకున్న పలుచని పొర కింద, నీటిలో కలిసి. తల గాయాల్లో ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. కొంచెం మాత్రమే ఉంటే సాధారణంగా దానంతట అదే ఇంకిపోతుంది.

4. మెదడు కండలోనే కమిలిన చోట. ముఖ్యంగా నుదుటి వెనుక, కణతల లోపల. ఈ మచ్చలు మొదటి రోజు చిన్నవిగా ఉండి, మరునాటికి పెద్దవి కావచ్చు.

వీటికంటే సన్నవి, సూదిమొన ప్రమాణంలో ఉండే రక్తపు చుక్కలు సీటీ స్కానులో కనబడకపోవచ్చు. ఎమ్మారై స్కానులో కనబడతాయి. స్కాను బాగానే ఉందన్నా మనిషి తేరుకోకపోతే డాక్టరు గారు ఎమ్మారై తీయించమనడానికి ఇది ఒక కారణం.

చిన్నది అని ఎలా నిర్ణయిస్తారు?

పూర్వం పుర్రె లోపల ఏముందో తెరవకుండా చూసే మార్గం సరిగా లేదు. 1971 అక్టోబరు 1న లండను దగ్గరి ఒక ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాను తీశారు. ఆ యంత్రాన్ని రూపొందించిన హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని లెక్కలు కట్టిన కోర్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ రోజు జిల్లా కేంద్రాల్లో కూడా ఆ పరీక్ష కొద్ది నిమిషాల పని.

డాక్టర్లు రక్తం మందం, పరిమాణం, మెదడు మధ్యగీత ఎంత పక్కకు జరిగింది అన్నవి కొలుస్తారు. పొర కింది రక్తం 10 మిల్లీమీటర్ల మందం దాటినా, మధ్యగీత 5 మిల్లీమీటర్లకు మించి జరిగినా సాధారణంగా ఆపరేషను చేయాలంటారు. ఎముక కింది రక్తం 30 మిల్లీలీటర్లు దాటితే కూడా అంతే. అంటే ఆరు టీస్పూన్లు! అంతకంటే తక్కువ ఉండి, మనిషి తెలివిగా ఉంటే, కనిపెట్టి చూస్తారు. కొలతతో పాటు మనిషి స్థితి కూడా లెక్కలోకి వస్తుంది. స్కానులో తక్కువ ఉన్నా మనిషి మగతలోకి జారుతుంటే అది చిన్న విషయం కాదు.

“రెండో స్కాను ఎందుకు? మళ్లీ డబ్బు ఖర్చు కదా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రక్తం పెరిగితే ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే పెరుగుతుంది. మొదటి స్కాను దెబ్బ తగిలిన గంటలోనే తీసి ఉంటే, అది ఆ గంట సంగతి మాత్రమే చెబుతుంది. అందరికీ రెండోది అవసరం ఉండదు. అవసరం ఎవరికో డాక్టరు గారు చెబుతారు. ఆ మాట వచ్చినప్పుడు వాయిదా వేయకండి.

“రక్తం కరిగే మందు వేయండి” అని కూడా అడుగుతారు. అటువంటి మాత్ర లేదు. గుండెపోటు వచ్చినవారికి ఇచ్చే రక్తపు గడ్డ కరిగించే మందు ఇక్కడ ఇస్తే ప్రాణం పోతుంది. చేతి మీద కమిలిన మచ్చ నల్లబడి, పచ్చబడి, మాసిపోయినట్టే, తల లోపలి కొద్దిపాటి రక్తాన్ని కూడా శరీరమే కొన్ని వారాల్లో పీల్చుకుంటుంది. రక్తం ఇంకా కారకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షను మాత్రం ఒకటి ఉంది. 12 వేల మందికి పైగా తల గాయం రోగులతో చేసి 2019లో ప్రకటించిన పరిశోధనలో, గాయం మరీ తీవ్రం కానివారికి దెబ్బ తగిలిన 3 గంటల లోపల దానిని ఇస్తే తల గాయం వల్ల మరణాలు తగ్గాయని తేలింది. త్వరగా రమ్మని మేము పదే పదే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

“బాగానే మాట్లాడుతున్నాడు కదా!”

2009 మార్చిలో నటాషా రిచర్డ్‌సన్ అనే ప్రసిద్ధ నటి కెనడాలో మంచు మీద జారే ఆట నేర్చుకుంటూ పడిపోయారు. లేచి నవ్వుతూ మాట్లాడారు, నాకేమీ కాలేదన్నారు, సహాయం వద్దన్నారు. కొంతసేపటికి తలనొప్పి మొదలైంది. పడిన రెండు రోజులకే మరణించారు. వయసు 45 సంవత్సరాలు. ఎముక కింద, మెదడు పై పొర మీద రక్తం చేరడమే కారణమని పరీక్షలో తేలింది. కొద్దిసేపు స్పృహ తప్పి, లేచి, బాగానే ఉండి, మళ్లీ క్షీణించడం ఈ రకం గాయానికి పేరుపడిన లక్షణం. ఆ మధ్యలో బాగున్న సమయమే మనల్ని మోసం చేస్తుంది. ఆ సమయంలో ఆసుపత్రిలో ఉన్నవారిని కాపాడే అవకాశం చాలా ఎక్కువ.

మద్యం తాగి పడినవారి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. “తాగి పడుకున్నాడు, తెల్లారితే లేస్తాడులే” అని అరుగు మీద వదిలేస్తారు. మత్తుకూ తల లోపలి రక్తస్రావం వల్ల వచ్చే మగతకూ పైకి తేడా తెలియదు. ఏళ్ల తరబడి తాగేవారికి కాలేయం చెడి రక్తం త్వరగా గడ్డకట్టదు కూడా. తల మీద దెబ్బ కనబడితే, ఎంత తాగి ఉన్నా సరే, ఆసుపత్రికి తీసుకురండి.

రాత్రంతా ఎందుకు లేపుతాము?

వార్డులో మా మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది ఇదే. “పాపం, ఇప్పుడే కన్ను మూశాడు, సిస్టరమ్మ మళ్లీ లేపింది” అంటారు. మొదట అరగంటకు ఒకసారి, నిలకడగా ఉంటే గంటకు ఒకసారి, ఆ తర్వాత రెండు గంటలకు ఒకసారి లేపి చూస్తాము.

1974లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు రోగి తెలివికి మార్కులు వేసే పద్ధతి తయారు చేశారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, చేతులు కాళ్ల కదలికకు 6, మొత్తం 15. పూర్తి స్పృహలో ఉన్నవారికి 15 వస్తాయి. ఏ స్పందనా లేనివారికి కూడా 3 ఉంటాయి. 8 లేదా అంతకంటే తక్కువ అయితే గాయం తీవ్రమైనదని అర్థం. మేము చూసేది ఒక్కసారి వచ్చిన మార్కులను కాదు, వాటిలో తేడాను. 15 నుంచి 13కు పడిపోతే, మనిషి ఇంకా మాట్లాడుతున్నా సరే, డాక్టరు గారికి వెంటనే ఫోను వెళుతుంది. టార్చి వేసి రెండు కంటిపాపలు సమానంగా ముడుచుకుంటున్నాయా చూస్తాము. బీపీ పెరుగుతూ నాడి నెమ్మదిస్తుంటే తలలో ఒత్తిడి పెరుగుతున్నదని అనుమానిస్తాము.

ఇందులో మీ సహాయం కావాలి. మేము “నీ పేరేమిటి? ఇది ఏ ఊరు? ఇప్పుడు పగలా, రాత్రా?” అని రోగిని అడిగినప్పుడు పక్కనుంచి మీరు జవాబు చెప్పకండి. రోగి నోటి నుంచే రావాలి. పరామర్శకు, ప్రార్థనకు వచ్చే సంఘస్తులు ఒకరిద్దరుగా వచ్చి, నెమ్మదిగా మాట్లాడి వెళితే మంచిది. కాని మీ కళ్లకు మాత్రమే తెలిసేవి కొన్ని ఉంటాయి. “మా నాన్న ఎప్పుడూ కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటాడు, ఇప్పుడు ఎడమచేత్తో పట్టుకున్నాడు” అని ఒక కూతురు చెబితే, ఆ మాట మా చార్టులోని అంకె కంటే ముందు ప్రమాదాన్ని చూపవచ్చు. ఇటువంటి తేడా కనబడితే అర్ధరాత్రి అయినా సిస్టరును పిలవండి.

“తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదు” అనేది సరైన మాట కాదు. నిద్ర మెదడుకు అవసరం. నిద్రపోనివ్వాలి, చెప్పిన సమయానికి లేపాలి. లేపితే లేస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఇంటికి వెళ్లిన తర్వాత

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా, పగలైనా రాత్రైనా, వెంటనే తిరిగి తీసుకురండి. ఈ భాగాన్ని కత్తిరించి గోడకు అంటించుకోవచ్చు.

1. తలనొప్పి మాత్ర వేసినా తగ్గకుండా పెరగడం.
2. మళ్లీ మళ్లీ వాంతులు.
3. లేపినా సరిగా లేవకపోవడం, మగత పెరగడం.
4. మాట తడబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం, పొంతన లేని మాటలు.
5. ఒక చెయ్యి, ఒక కాలు బలహీనపడటం, మూతి ఒక పక్కకు పోవడం, నడకలో తూలడం.
6. ఫిట్స్ రావడం.
7. ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా ఉండటం, లేదా ఒకటి రెండుగా కనబడటం.
8. ముక్కు నుంచి, చెవి నుంచి నీరులాంటి ద్రవం లేదా రక్తం కారడం.

నొప్పికి పారాసిటమాల్ మాత్రమే, చెప్పిన మోతాదులో వేయండి. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి మాత్రలు మందుల షాపులో అడిగి వేసుకోవద్దు. అవి రక్తస్రావాన్ని పెంచగలవు. నిద్రమాత్రలు వద్దు. మద్యం పూర్తిగా వద్దు. ఫిట్స్ రాకుండా మాత్రలు రాసి ఇస్తే చెప్పినన్ని రోజులు వాడండి, బాగుందని మధ్యలో మానవద్దు. డాక్టరు గారు ఒప్పుకునే వరకు బండి నడపడం, తాడిచెట్టు కొబ్బరిచెట్టు ఎక్కడం, ట్రాక్టరు, నూర్పిడి యంత్రం దగ్గర పని చేయడం వద్దు.

కొన్ని వారాల పాటు మతిమరుపు, చిరాకు, శబ్దం భరించలేకపోవడం, త్వరగా అలసిపోవడం ఉండవచ్చు. ఇది గాలి సోకడం కాదు, పొగరు కాదు. గాయపడిన మెదడు తేరుకుంటున్నప్పుడు ఇలా ఉంటుంది. ఓపిక పట్టండి. పిల్లలైతే వెంటనే బడికి, చదువుకు తొందరపెట్టవద్దు.

పెద్దవారిలో వారాల తర్వాత

వయసు పెరిగే కొద్దీ మెదడు కొంత కుంచించుకుపోతుంది. మెదడు నుంచి పై పొరకు వెళ్లే సన్నని సిరలు తీగల్లా సాగి ఉంటాయి. బాత్‌రూములో జారినా, గుమ్మానికి తల తగిలినా అవి తెగవచ్చు. చోటు ఎక్కువ ఉంటుంది కనుక రక్తం మెల్లగా చేరుతూ, వారాల తర్వాత గాని బయటపడదు.

బ్రెజిల్ దేశ అధ్యక్షుడు లూలా గారి విషయం దీనికి ఉదాహరణ. 2024 అక్టోబరు 19న ఆయన ఇంట్లో బాత్‌రూములో పడిపోయారు. తల వెనుక కుట్లు వేశారు. లోపల చిన్న రక్తస్రావం ఉందని డాక్టర్లు దూర ప్రయాణం మాన్పించి, మళ్లీ మళ్లీ పరీక్షలు చేశారు. ఆయన పనిలో పడ్డారు. డిసెంబరు 9న, అంటే ఏడు వారాల తర్వాత, తలనొప్పి వచ్చింది. స్కానులో ఎక్కువ రక్తం కనబడింది. ఆ రాత్రే ఆపరేషను చేసి తీశారు. 79 ఏళ్ల వయసులో, డిసెంబరు 15న నడిచి ఇంటికి వెళ్లారు. మొదటి దెబ్బను గుర్తుంచుకుని, తలనొప్పి రాగానే స్కాను తీయించడం వల్ల ఇది సాధ్యమైంది.

మన ఇళ్లలో అయితే ఏమంటాము? “అమ్మకు ముసలితనం వచ్చింది, మాట మరిచిపోతోంది, మంచం దిగడం లేదు” అంటాము. ఒక నెల కిందట ఆమె పడిన సంగతి ఎవరికీ గుర్తుండదు. అరవై దాటినవారు కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో మారిపోతే “ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?” అని తప్పక ఆలోచించి, డాక్టరు గారికి చెప్పండి. ఈ రకం రక్తాన్ని చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారు. వయసు ఎక్కువైనా చేయవచ్చు. ముసలితనం అనుకున్నది తగ్గి మనిషి తిరిగి లేచి తిరగడం చాలాసార్లు జరుగుతుంది.

గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవారు రక్తం పలుచబడటానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటారు. వీరికి దెబ్బ చిన్నదైనా స్కాను అవసరం కావచ్చు. వచ్చేటప్పుడు మందుల చీటీ, మాత్రల అట్టలు తప్పక తీసుకురండి. గుండెకు స్టెంటు, వాల్వు వేసినవారు ఆ మందులను సొంతంగా మానవద్దు. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది ఇద్దరు డాక్టర్లు కలిసి నిర్ణయించాలి.

చంటిబిడ్డలు నొప్పి చెప్పలేరు. మంచం మీద నుంచో, ఉయ్యాల నుంచో పడిన బిడ్డ పాలు తాగకపోయినా, ఆగకుండా ఏడ్చినా, అతిగా నిద్రపోయినా, నడినెత్తి మాడు ఉబ్బినా వెంటనే తీసుకురండి.

దెబ్బ తగిలిన చోట

స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ వంచకుండా, తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉంచి పక్కకు తిప్పండి. గాయం మీద శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి, కాఫీపొడి, పసుపు చల్లవద్దు. చెవి, ముక్కులో దూది కుక్కవద్దు. దెబ్బ తగిలిన సమయం, ఎంతసేపు స్పృహ తప్పారో గుర్తుంచుకుని చెప్పండి.

108కు ఫోను చేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన ఈ సేవ ఉచితం. రోడ్డు మీద పడినవారిని తీసుకొస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామని భయపడవద్దు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్ట సవరణ సహాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. అడిగి తెలుసుకోండి.

ఇక హెల్మెట్. మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకుంటే తల గాయం ప్రమాదం 69 శాతం, మరణం ప్రమాదం 42 శాతం తగ్గుతుందని అనేక పరిశోధనలను కలిపి చూసి తేల్చారు. కొక్కెం పెట్టుకోని హెల్మెట్ పడగానే ఎగిరిపోతుంది. ఆదివారం గుడికి కుటుంబమంతా ఒకే బండి మీద వచ్చేటప్పుడు తండ్రి ఒక్కడే పెట్టుకుంటే చాలదు. వెనుక కూర్చున్న తల్లికీ, ముందు కూర్చున్న బిడ్డకూ తల ఉంది. ఇంట్లో పెద్దవారి కోసం బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రి వెలిగే ఒక చిన్న బల్బు పెట్టించండి. ఆ ఖర్చు ఒక స్కాను ఖర్చు కంటే తక్కువ.

వార్డు నుంచి వెళ్లేటప్పుడు మా సిస్టర్లు మీకు లక్షణాల కాగితం ఇచ్చి చదివి వినిపిస్తారు. ఇంట్లో రోగి పక్కన పడుకునేది ఎవరో ఆ మనిషినే పిలుచుకురండి, ఆమెకో ఆయనకో నేరుగా చెబుతాము. అనుమానం వస్తే తెల్లవారే వరకు ఆగకండి. అనవసరంగా వచ్చారని మేము ఎవరినీ కోప్పడము.